టీ డబ్బా మూత చేరలేని చోటు

నా చదువు మొత్తం ఒక టీ డబ్బా మూత దగ్గర ఆగిపోయింది. మూత అంటే నిజంగా మూతే. గుండ్రంగా, రేకుది, పైన మల్లెపూల బొమ్మ ఉన్నది. అనలిటికల్ మెకానిక్స్ చెప్పే బూ సుమార్నీ, అంటే మా భాషలో సుమార్నీ అమ్మగారు, మౌఖిక పరీక్షలో ఆ మూతని అంచు మీద నిలబెట్టి బల్ల మీద దొర్లిస్తారు, ఆపుతారు, రెండు ప్రశ్నలు అడుగుతారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే మూత, అవే రెండు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు మా సోలో ఊళ్ళో ఫిజిక్స్ చదివిన ప్రతివాడికీ నిద్రలో లేపి అడిగినా వచ్చు. రెండోదాని దగ్గర నేను నాలుగుసార్లు బోర్లా పడ్డాను.

నాలుగుసార్లు పడితే ఏమయింది, ఐదోసారి లేవొచ్చు కదా అంటారు. లేవొచ్చు. కాని మా యూనివర్సిటీలో పద్నాలుగు సెమిస్టర్లే గడువు, నాది పద్నాలుగోది, అందులో ఆఖరి పని దినం శుక్రవారం. శుక్రవారం నమాజు కోసం ఆఫీసు పదకొండింటికే మూసేస్తారు. ఆలోపు బూ సంతకం పెట్టిన మార్కుల కాగితం అక్కడ ఇవ్వకపోతే సోమవారం పొద్దున కంప్యూటరు నా పేరు కొట్టేస్తుంది. ఏడేళ్ళు చదివి, ఒక్క సబ్జెక్టు తక్కువై, పట్టా లేకుండా ఇంటికి పోయి టెంపే బండి తోలుకోవాలి. బండి ఇప్పుడూ తోలుతున్నాననుకోండి. మా అమ్మ సోయా గింజలు ఉడకబెట్టి, అరిటాకుల్లో పులియబెట్టి టెంపే దిమ్మలు చేస్తుంది. నేను వాటిని పికప్పులో వేసుకుని తెల్లారేసరికి లెగి అనే పెద్ద బజారులోనూ, ఆ తర్వాత పద్దెనిమిది హోటళ్ళలోనూ దింపి, ఏడున్నరకి క్లాసులో కూర్చుని హాయిగా నిద్రపోతాను. నా పేరు వెనింగ్. మా భాషలో నిర్మలం అని అర్థం. అమ్మకి ముందుచూపు తక్కువ.

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి బూ సుమార్నీ ఇంటి వసారాలో కూర్చున్నాను. ఆవిడకి మోకాలి ఆపరేషను అయింది, అందుకని పరీక్ష ఇంట్లోనే. బజారు నుంచి అటే వచ్చేశాను కాబట్టి నా పికప్పు ఆవిడ గేటు ముందు, సందు మధ్యలో ఉంది. పక్కింట్లో మర్నాడు పెళ్ళి. ఊరి ఆడవాళ్ళంతా సందు మొదట్లో పొయ్యిలు పెట్టి, మూకుళ్ళు ఎక్కించి, కొబ్బరి కోరుతూ ఎవరి కోడలిని వాళ్ళు తిట్టుకుంటున్నారు. మైకులో పాట. వేయించిన ఉల్లిపాయల వాసన. ఇంత సంబరం మధ్య నేనొక్కదాన్నే చావుకి సిద్ధంగా ఉన్నాను.

బూ మూత తీశారు. బల్ల మీద నిలబెట్టి దొర్లించారు. అది కొంత దూరం పోయి వంపు తిరిగింది, ఆవిడ వేలితో ఆపారు.

"మూత జారకూడదు, పడకూడదు. దొర్లాలి అంతే. ఎక్కడ ఉందో, ఎలా ఉందో చెప్పాలంటే ఎన్ని అంకెలు కావాలి?"

"నాలుగు బూ. బల్ల మీద చోటుకి రెండు, ఎటు చూస్తోందో దానికి ఒకటి, ఎంత దొర్లిందో దానికి ఒకటి."

"నిర్బంధాలు?"

"రెండు బూ. దొర్లినంతే ముందుకి పోవాలి. పక్కకి జారకూడదు."

"అంటే ఈ క్షణంలో దానికి ఎన్ని స్వేచ్ఛలు?"

"నాలుగులోంచి రెండు పోతే రెండు బూ. దొర్లడం, తిరగడం."

"బాగుంది," అన్నారు ఆవిడ. ప్రతిసారీ అనేవారు. ఆ "బాగుంది" వింటే నాకు చెమటలు. "ఇప్పుడు చెప్పు. ఈ మూత ఈ బల్ల మీద ఎక్కడికి చేరలేదు?"

ఇదండీ ఆ రెండో ప్రశ్న. మొదటిసారి "పక్కకి బూ" అన్నాను. ఆవిడ పెన్ను క్యాపు పెట్టేశారు. బూ క్యాపు పెట్టారంటే ఇంటికి పొమ్మని. రెండోసారి, నాలుగు అంకెల్లో సగం పోయాయి కాబట్టి సగం బల్లకి చేరదన్నాను. క్యాపు. మూడోసారి బుద్ధిగా మూడు పేజీల లెక్క చేశాను. ఆ లెక్కలో ఎంత గాలించినా మూత చేరని చోటు ఒక్కటీ కనబడలేదు, ఎక్కడో తప్పు చేసి ఉంటానని అదంతా కొట్టేసి, "మూలలకి బూ" అన్నాను. క్యాపు. నాలుగోసారి పద్దెనిమిది హోటళ్ళు తిరిగి వచ్చానేమో, ఆలోచిస్తున్నట్టు కళ్ళు మూసుకుని ఆవిడ ఎదురుగానే నిద్రపోయాను. దానికి క్యాపుతో పాటు దిండు కూడా ఇచ్చారు.

నా లోపల ఓ నోరుంది. బయటి నోరు "సరే బూ, అలాగే బూ" అంటుంటే అది మాత్రం ఊరుకోదు. ఆ పూట అది, నీకు మూతలు తప్ప పని లేదా తల్లీ, నీ మోకాలు పోతే నన్నెందుకు విరుస్తావ్ అని మొదలెట్టింది. నేను తలొంచుకుని నాలుగో అబద్ధం వెతుక్కుంటున్నాను. బల్ల అంచుకి చేరదు అందామా? అంచు బాగానే ఉన్నట్టుంది. "అం..." అని నోరు తెరిచాను.

"బూ, మన్నించాలి, ఈ పికప్పు ఎవరిది?"

గేటు దగ్గర పాక్ పైమిన్, అంటే పైమిన్ గారు. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా పందిరి వేసేది ఆయనే. మెడలో ఈల, వెనకాల ఇనప గొట్టాలు భుజాన వేసుకుని ఆరుగురు మనుషులు.

"నాదే పాక్," అన్నాను.

"తియ్యాలి మ్బక్. పందిరి సరిగ్గా ఇక్కడే. గొట్టాలు పట్టుకుని మావాళ్ళ భుజాలు పోతున్నాయి." మ్బక్ అంటే అక్క, మా దగ్గర వయసులో ఉన్న ఏ ఆడపిల్లనైనా అలాగే పిలుస్తారు.

"అలాగే పాక్, ఇప్పుడే బయటికి తీసేస్తాను."

"బయటికి ఎటు పోతుంది? ఈ కొసన పొయ్యిలు, ఆ కొసన వేదిక దింపేశారు. గాల్లో ఎగరాలి." ఆయన ఎదురు గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ కరెంటు స్తంభానికీ బూ పూలకుండీలకీ మధ్య చిన్న ఖాళీ ఉంది. నా పికప్పు పొడుగు కన్నా మూరన్నర ఎక్కువ, అంతే. "అందులో పెట్టెయ్. దాని మీంచి గుడ్డ కప్పేస్తాం. పెళ్ళయ్యాక తీసుకుపోదువు."

బూ వైపు చూశాను. ఆవిడ గడియారం చూసుకున్నారు. తొమ్మిదీ ఇరవై ఐదు. "పెట్టి రా. పరీక్ష ఎక్కడికీ పోదు," అన్నారు. నాకు మాత్రం ఉరికంబం మీద ఉన్నవాణ్ణి కాఫీ తాగి రమ్మన్నట్టు ఎంత హాయనిపించిందో చెప్పలేను. దాదాపు గెంతుకుంటూ వెళ్ళాను.

పికప్పు ఎక్కి చూస్తే ఆ ఖాళీ సరిగ్గా నాకు పక్కన ఉంది. ముందు కాదు, వెనక కాదు, పక్కన. ఇంకెవరైనా అయితే దిగి పారిపోయేవాళ్ళు. నాకు ఇది రోజూ ఉన్నదే. లెగి బజారులో కొబ్బరి బండికీ కోళ్ళ బండికీ మధ్య ఇంతకన్నా ఇరుకులో దూరుస్తాను.

"పట్టదు మ్బక్," అని పక్కింటి కిటికీలోంచి ఓ గొంతు. పెళ్ళికూతురు లారాస్. పెళ్ళికి ముందు వారం రోజులు పెళ్ళికూతురు గడప దాటకూడదని మా దగ్గర పట్టింపు. పాపం, ఒళ్ళంతా పసుపచ్చ నలుగు పూసుకుని, కిటికీ ఊచలు పట్టుకుని, వారం నుంచి లోకంలో ఏం జరిగినా కిటికీలోంచే వ్యాఖ్యానం చెబుతోంది. "పూలకుండీలు పగులుతాయి. పందెం."

"నువ్వు లోపలికి పో, నలుగు రాలుతుంది," అంది పొయ్యి దగ్గర నుంచి వాళ్ళ అత్త.

"రాలనీ, వారమయింది, నాకు పిచ్చెక్కుతోంది."

పాక్ పైమిన్ ఈల వేశాడు. "రానీ, రానీ, రానీ. తిప్పు. ఇంకా తిప్పు. చాలు, ఎదురు తిప్పు." వెనక్కి ఓ మూర. స్టీరింగు ఇటు తిప్పి ముందుకి ఓ మూర. మళ్ళీ అటు తిప్పి వెనక్కి. ముందుకి. వెనక్కి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నా బుర్ర మాత్రం బల్ల అంచు చుట్టూ తిరుగుతోంది. అంచుకి చేరదంటే నమ్ముతారా? పోనీ అంచుకి బెత్తెడు ఇవతల?

"అత్తా, చూడవే," అంది లారాస్. "ముందుకీ వెనక్కీ ఊగుతూ ఊగుతూ బండి పక్కకి పోతోంది."

బ్రేకు తొక్కాను.

పికప్పు ముక్కు సందులోకి, తోక ఖాళీలోకి, అడ్డదిడ్డంగా ఆగిపోయింది. ఇంజను ఆపేశాను. కిటికీలోంచి తల బయటికి పెట్టి చక్రం చూశాను. చక్రం పక్కకి జారలేదు. ఒక్క వెంట్రుకవాసి కూడా జారలేదు, మట్టిలో గీతలు శుభ్రంగా ఉన్నాయి. ఏ క్షణంలోనూ పక్కకి పోలేదు. కాని బండి పక్కకి వచ్చింది. ఏడేళ్ళుగా రోజుకి పాతికసార్లు వస్తోంది.

ముందు నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వుతున్నాను, హారను మోగుతోంది.

"ఏమయింది మ్బక్, ఒంట్లో బాలేదా?" అన్నాడు పాక్ పైమిన్.

"పాక్, ఒక్క క్షణం."

"క్షణం కాదు, లోపలికి తోసెయ్. గొట్టాలు బరువు."

"కదిపితే మర్చిపోతాను పాక్. దయచేసి నన్నెవరూ కదపొద్దు."

"నువ్వే కదా డ్రైవరువి."

"బూ," అని అరిచాను. మా ఊళ్ళో పెద్దావిణ్ణి అలా సందులోంచి కేకేసి పిలవడం ఎవరూ చూసి ఉండరు. పొయ్యిల దగ్గర మాటలు ఆగిపోయాయి. బూ సుమార్నీ చేతికర్ర ఊనుకుంటూ, నైటీ మీద శాలువా సర్దుకుంటూ, ఓ చేతిలో మూతా ఓ చేతిలో పెన్నూ పట్టుకుని గేటు దాకా, గేటు దాటి పికప్పు కిటికీ దాకా వచ్చారు.

"బూ, ఆ ప్రశ్న మళ్ళీ అడగండి."

"ఈ మూత ఈ బల్ల మీద ఎక్కడికి చేరలేదు?"

నోరు తెరిచాను. మాట రాలేదు. జవాబు తెలియక కాదు. జవాబు నా నాలుక మీదే ఉంది, దాన్ని బయటికి పంపించడం నాకు చేతకావడం లేదు. మా సోలోలో అడ్రసు అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక దారి చూపిస్తాం. ఇంకొంచెం పెట్టనా అంటే కడుపు పగులుతున్నా కంచం చాపుతాం. పెద్దవాళ్ళు ఏదన్నా అడిగారంటే అది ఉండే అడిగారని అర్థం. టీచరు "ఎక్కడికి చేరలేదు" అని అడిగితే, చేరలేని చోటొకటి మర్యాదగా వెతికి చేతిలో పెట్టాలి. లేదంటే ఆవిడ లేనిదాని గురించి అడిగారని ముఖాన చెప్పినట్టే కదా. మూడోసారి నా లెక్క నిజమే చెప్పింది. నేనే సిగ్గుపడి కొట్టేశాను. మెడాన్ నుంచి వచ్చిన తోగర్ అని నా క్లాసువాడు, వాళ్ళ బటక్‌వాళ్ళకి ఈ మొహమాటాలు ఉండవు, నాలుగు నిమిషాల్లో పాసై బయటికి వచ్చి సిగరెట్టు అంటించుకున్నాడు. ఏం చెప్పాడో అడగడానికి కూడా మొహమాటపడి, వాడి అదృష్టమనుకుని ఏడ్చాను.

నలభై మంది నన్నే చూస్తున్నారు.

"బూ, మన్నించండి. మీ ప్రశ్నలోనే తప్పుంది."

మూకుట్లో గరిట ఆగింది. ఎవరో మైకు కూడా తగ్గించారు. "అయ్యో," అంది లారాస్ అత్త, మెల్లిగా.

బూ సుమార్నీ మొహంలో ఏమీ కదలలేదు. "ఏమన్నావ్?"

"అలాంటి చోటు లేదు బూ. మూత చేరలేని చోటు బల్ల మీద ఒక్కటీ లేదు. ఎక్కడికైనా పోతుంది, ఎటు చూస్తూ కావాలంటే అటు చూస్తూ ఆగుతుంది. పక్కకి కదలకూడదన్నది ఈ క్షణానికి మాత్రమే. ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ పోతే పక్కకి చేరకుండా ఎవడూ ఆపలేడు."

"అంటే రెండు స్వేచ్ఛలన్నది అబద్ధమా?"

"కాదు బూ." కాదు అన్నాను, రెండోసారి, అదీ అరనిమిషంలో. ఒళ్ళంతా తేలిపోయింది. "ఏ క్షణంలో చూసినా కదలడానికి రెండే. చేరడానికి మాత్రం నాలుగూ. లారాస్‌ని చూడండి. తను గడప దాటకూడదు. అది ఉండే చోటుకి కట్టిన కట్టు. తీగకి గుచ్చిన పూసకి కూడా అంతే, తీగ బయట దానికి చోటే లేదు. నా బండికి కట్టింది చోటుని కాదు, అడుగుని."

"నన్నెందుకు లాగుతారు మధ్యలో," అంది లారాస్. కాని మొహం వెలిగిపోతోంది. వారం తర్వాత ఓ సంగతిలో తనకి పాత్ర దొరికింది.

బూ కర్ర ఒక అంగుళం ముందుకి జరిగింది. "మాటలు బాగున్నాయి. రుజువు? ఆ అడుగు మీద కట్టు అసలు చోటు మీద కట్టే అయి, వేషం వేసుకుని వచ్చిందేమో. నీకెలా తెలుసు?"

మామూలుగా దీనికి ఒకటిన్నర పేజీ లెక్క రాయాలి. జెరాక్సు నోట్సులో ఉంది, నేను బట్టీ పట్టాను, అందులో ఒక్క లైను గుర్తులేదు. గాలి పీల్చుకున్నాను.

"వేషమే అనుకుందాం బూ. చక్రం ఎంత దొర్లిందో వదిలేస్తే, బండి చోటు చెప్పాలంటే మూడు అంకెలు. అవి మూడూ కలిపి చేసే లెక్క ఏదో ఒకటి ఉండాలి, నేనెంత తోలినా దాని విలువ మారకూడదు. అదే కదా కంచె అంటే. ఇందాక బండి గోడకి సమంగా అక్కడ ఉంది. కాసేపట్లో గోడకి సమంగా ఇక్కడ పెడతాను. ఎత్తలేదు, జారలేదు. రెండుచోట్లా విలువ ఒకటే కావాలి."

"రెండు చోట్ల ఒకటే అయింది. కంచె ఆ రెండు చోట్ల మీదుగానే పోతోందేమో."

"అయితే ఇంకో చోటు చెప్పండి బూ. మీ ఇష్టం. పోతాను."

ఆవిడ కర్రతో నేల మీద చూపించారు. "ఇక్కడ. ముక్కు జామచెట్టు వైపు."

ఇంజను వేశాను. పాక్ పైమిన్ తన గొట్టాల సంగతి మర్చిపోయి ఈల నోట్లో పెట్టుకున్నాడు. ముందుకి, వెనక్కి, ముందుకి. జామచెట్టు వైపు ముక్కు. పొయ్యిల దగ్గరవాళ్ళు కత్తిపీటలు వదిలేసి వచ్చారు.

"ఏటవాలుగా, తోక మా గుమ్మం వైపు," అంది అత్త.

పెట్టాను.

"గోడకి జానెడు దూరంలో," అన్నాడు గొట్టాలు మోసేవాడొకడు. పెట్టాను. "దానికి ఇంకో బెత్తెడు ఎడంగా," అన్నాడు ఇంకొకడు. పెట్టాను. ఎవరో నా నోట్లో వేడి వేడి బెల్లపు ఉండ పెట్టారు. దాన్ని నములుతూ ఏడో చోటికి పోయాను. చప్పట్లు కొడుతున్నారు. నాకు ఏడేళ్ళలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, అది దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"మ్బక్, బోర్లా పెట్టు," అని అరిచింది లారాస్.

"అది కుదరదమ్మా," అన్నారు బూ సుమార్నీ, క్లాసులో చెప్పినంత గంభీరంగా. "నేల వదలకూడదన్నది చోటు మీద కట్టు. నీ గడప లాంటిదే."

"చూశారా బూ," అన్నాను కిటికీలోంచి, రొప్పుతూ. "వీళ్ళు ఏ చోటు అడిగినా పోతున్నాను. అన్నిచోట్లా ఆ విలువ ఒకటే అయితే, అది దేన్నీ దేన్నించీ విడదియ్యడం లేదు. అలాంటిది కంచె కాదు. కాబట్టి కంచె లేదు."

బూ కర్ర ఊని ముందుకి వంగారు. నేల మీద చక్రాల గీతల్ని చాలాసేపు చూశారు. అటూ ఇటూ అల్లిబిల్లిగా, అన్నీ శుభ్రమైన గీతలే. ఆవిడ పెన్ను క్యాపు వైపు చెయ్యి పోనిచ్చారు. క్యాపు పెన్నుకే ఉంది, వచ్చేటప్పుడు పెట్టుకునే వచ్చారు. దాన్ని తీశారు.

"కాగితమేదీ?"

బానెట్టు మీద పెట్టి రాశారు. 'బి' అని వేసి, కింద సంతకం చేసి, తేదీ వేశారు. "మళ్ళీ మళ్ళీ రాసినవాళ్ళకి బి కన్నా ఎక్కువ ఇవ్వకూడదని రూలు. లేకపోతే 'ఏ' ఇచ్చేదాన్ని."

"బూ, నాలుగుసార్లు..." నాకు ఏడుపొచ్చేస్తోంది, నవ్వూ వస్తోంది, నోట్లో ఇంకా బెల్లముంది. "నాలుగుసార్లు నన్ను అలా పంపించేశారేంటి బూ? అలాంటి చోటు లేదని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా."

"చెబితే 'సరే బూ' అనేదానివి." ఆవిడ పెన్ను నా వైపు ఊపారు. "లెక్క నువ్వెప్పుడూ తప్పు చెయ్యలేదమ్మాయ్. మూడోసారి కొట్టేసిన పేజీలు నేను చదివాను. అన్నీ రైటే. నేను అడిగానని లేని కంచె కట్టి చూపించావు. ఇక్కడి పిల్లలందరికీ అదే జబ్బు. నేను చదువుకునేటప్పుడు నాకూ ఉండేది. కణాలు మన మొహమాటం చూసి కదలవు."

నాకు ఒళ్ళు మండింది. నిజంగా మండింది. ఆవిడ చదివారట, రైటని తెలుసట, అయినా క్యాపు పెట్టారట. లోపలి నోరు గేట్లు తెంచుకుని లేచింది, ఈసారి దాన్ని ఆపబుద్ధి కాలేదు. "ఇది అన్యాయం బూ," అన్నాను పైకే.

"అవును," అన్నారు ఆవిడ, పూర్తి సంతోషంతో. "కొంచెం అన్యాయమే. గడియారం చూసుకో."

పదీ నలభై రెండు. పికప్పు ఆఖరిసారిగా ఖాళీలో పెట్టాల్సి ఉంది, ఒకవేళ పెట్టినా అది రేపటిదాకా బయటికి రాదు. పాక్ పైమిన్ తాళం చెవి నా చేతిలోంచి లాక్కుని తన మనిషికి విసిరాడు. "నువ్వు తొయ్యరా, కుండీలు జాగ్రత్త. మ్బక్, నా బండి ఎక్కు." ఆ మనిషి రెండో నిమిషంలో ఒక కుండీ పగలగొట్టాడు. లారాస్ పందెం గెలిచానని కేకలు వేసింది. ఆ చప్పుడు మా వెనక వినబడుతుండగానే పొయ్యిల పక్కనుంచి దూరి మోటారు సైకిలు మీద బయటపడ్డాం. ఆయన ఈల నోట్లోంచి తియ్యలేదు. ప్రతి కూడలిలోనూ ఈల వేస్తూ పోయాడు, జనం మమ్మల్ని పోలీసులనుకుని పక్కకి జరిగారు.

ఆఫీసు ముందు దిగేసరికి పదీ యాభై నాలుగు. షట్టరు సగం దిగి ఉంది. గుమాస్తా మాస్ గీతో, మా అందరికీ గీతో అన్న, లోపలి దీపాలు ఆపి, టోపీ పెట్టుకుని, చాప చంకన పెట్టుకుని వంగి బయటికి వస్తున్నాడు. మంచివాడు. ఏడేళ్ళుగా నా ఫెయిలు కాగితాలన్నీ నవ్వుతూ తీసుకున్నవాడు.

"మాస్, మార్కుల కాగితం," అని చాపాను.

"అయ్యో మ్బక్ వెనింగ్, మసీదుకి వేళయింది. కంప్యూటరు ఆపేశాను." ఆయన ఎంతో మర్యాదగా చెయ్యి గుండెల మీద పెట్టుకుని షట్టరు కిందికి లాగాడు. "సోమవారం పొద్దున్నే రండి. అందరికన్నా ముందు మీదే చూస్తాను, సరేనా?"

"స..." అన్నాను.

నాకు తెలియకుండానే సగం మాట బయటికి వచ్చేసింది, తల కూడా ఊగడం మొదలెట్టింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆయన తాళం వేసి చెవి జేబులో పెట్టుకుని నవ్వాడు. మిగిలిన సగాన్ని పళ్ళ వెనక పట్టుకున్నాను.

"కాదు మాస్," అన్నాను. "సరే కాదు. సోమవారానికి నా పేరే ఉండదు. పదకొండుకి ఇంకా ఆరు నిమిషాలుంది. తాళం తియ్యండి."

ఆ గుమ్మం ముందు ఆయనతో అలా ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన నా మొహం వైపు చూశాడు, నా చేతిలోని కాగితం వైపు చూశాడు, వెనకాల ఈల నోట్లో పెట్టుకుని కాచుకుని ఉన్న పాక్ పైమిన్‌ని చూశాడు. తర్వాత చాప కింద పెట్టి, జేబులోంచి తాళం చెవి తీసి షట్టరు ఎత్తాడు.

"ఏ సబ్జెక్టు?" అన్నాడు.